అమ్మకానికి పెట్టిన ఇంట్లో కొత్త గోడలు

ఇల్లు కొనడానికి వెళ్ళినప్పుడు గోడలు చూస్తాం, నీళ్ళు చూస్తాం, దిక్కులు చూస్తాం. ఆ ఇంట్లో అప్పటికింకా కాపురం ఉంటున్న మనిషిని మీరు ఎన్నిసార్లు చూశారు?

ఈ ప్రశ్న మిమ్మల్ని నిలదీయడానికి వేయడం లేదు. ఇళ్ళు చూపించడమే ఉద్యోగంగా కొన్నేళ్ళు గడిపిన నాకే చాలాకాలం ఈ ప్రశ్న తట్టలేదు. ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి తల నెరవాలని మా కళాశాలలో ఒక అభిప్రాయం ఉంది. నా తల నెరవలేదు. కానీ ఆ ఉద్యోగం నుంచి విరమించుకుని ఇప్పుడు న్యాయశాస్త్రం చదువుకుంటున్నాను కనుక, విశ్రాంత ఉద్యోగినిగా నన్ను మన్నించి, మొదటి ఉద్యోగంలో చేరబోతున్న మీరు ఈ కథ వినండి.

డిగ్రీ చదివినంతకాలం నేను చర్చాపోటీలకు వెళ్ళేదాన్ని. ఎదుటివారి మాటలో ఆధారం ఎక్కడుందో అడగడం, వారు తడబడితే అక్కడే పట్టుకోవడం నాకు వచ్చిన విద్య. ఆ విద్యతో నూజివీడులో తోటలూ స్థలాలూ ఇళ్ళూ అమ్మించే ఒక చిన్న ఆఫీసులో చేరాను. మా యజమాని అంతకుముందు మామిడితోటల కౌలు బేరాలు కుదిర్చిన మనిషి. పూత చూసి కాపు చెప్పగలనని ఆయన నమ్మకం. మనిషి చెప్పులు చూసి కొంటాడో కొనడో చెప్పగలనని ఇంకా పెద్ద నమ్మకం. కొనడానికి వచ్చేవారిని ఆ వృత్తిలో ‘పార్టీ’ అంటారు. ఒక్క మనిషి వచ్చినా పార్టీయే.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఆగిరిపల్లి వెళ్ళే దారిలో, రోడ్డు దిగి తోటల మధ్యలోకి కొంతదూరం పోతే వచ్చే ఒక మండువా ఇల్లు కాని మండువా ఇల్లు. ఎందుకలా అంటున్నానంటే, మండువా పోయి దానిమీద కాంక్రీటు కప్పు వచ్చి, అది పెద్ద హాలయింది. ఆ హాలుకు వీధివైపు తలుపు, మధ్యలో తలుపు, వెనక తలుపు, మూడూ ఒకే వరసలో ఉండేవి. గుమ్మంలో నిలబడితే వెనక వసారా, దాని అవతల దొడ్లో చిన్నరసం మామిడి చెట్లూ సూటిగా కనిపించేవి. వంటిల్లు వెనక వసారాకు ఆనుకుని ఉంది. హాలు చుట్టూ గదులే గదులు. చుట్టుపక్కల తోటలు పంపకాల్లో ఎవరెవరికో పోగా, ఇల్లూ దొడ్డీ ఇద్దరు తోడికోడళ్ళకు మిగిలాయి. భర్తలిద్దరూ పోయారు. పిల్లలు లేరు. ఆ పెద్ద ఇంట్లో ఆ ఇద్దరే, రోజూ సగం ఇల్లు ఊడ్చి, ‘మిగతా సగం రేపు’ అనుకునేవారు.

ఇల్లు అమ్మడం ఎందుకో మొదటిరోజే పెద్దావిడ నాకు చెప్పింది. ఆమెకు కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోంది. పోయినది రాదనీ, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేమనీ విజయవాడ డాక్టరు చెప్పారట.

“నాకిప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఉంటది అమ్మాయ్. నీ ముక్కు కనపడితే నీ చెవులు కనపడవు,” అంది నవ్వుతూ.

“చెవులు చూసి ఏం చేస్తావులే అక్కా, జూకాలు కూడా పెట్టుకోలేదు ఆ పిల్ల,” అంది చిన్నావిడ.

నూజివీడులో, ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో, రెండు గదుల ఇల్లొకటి వాళ్ళు చూసుకున్నారు. దాని యజమాని శ్రావణమాసం దాకా వేరెవరికీ ఇవ్వనని మాట ఇచ్చాడు. ఈ ఇల్లు అమ్ముడైతేనే ఆ ఇల్లు కొనగలరు.

“చూపు ఉండగా వెళ్తే ఆ ఇల్లు నేర్చుకుంటా,” అంది పెద్దావిడ. “గుమ్మం ఎక్కడ, స్విచ్చి ఎక్కడ, నూతిగట్టు ఎక్కడ అన్నీ కళ్ళతో చూసి మనసులో పెట్టుకుంటా. చూపు పోయాక వెళ్తే అది నాకు ఇల్లు కాదమ్మా, జైలు. దీని చెయ్యి పట్టుకుని బతకాలి.”

“నా చెయ్యి ఏం అరిగిపోదులే,” అంది చిన్నావిడ. కానీ ముఖం అటు తిప్పుకుంది.

అంత స్పష్టంగా విషయం చెప్పిన మనిషిని కూడా మేము మరిచిపోగలిగాం. అదెలా జరిగిందో చెబుతాను.

మొదటి పార్టీ విజయవాడ నుంచి వచ్చిన దంపతులు. ఆదివారాలు గడపడానికి తోటలో ఇల్లు కావాలన్నారు. వెంట వాస్తు చూసే సిద్ధాంతి ఒకాయన. వంటింటికి దక్షిణం వైపు తలుపు ఉండటం గృహిణికి మంచిది కాదని ఆయన అన్నారు. నేను ఊరుకోలేదు. ఇక్కడ గృహిణులు ఇద్దరు, ఏ గృహిణికి మంచిది కాదో చెప్పమన్నాను. దక్షిణపు గాలి వేసవిలో వంటింటికి మేలు చేయదా అని అడిగాను. ఏ గ్రంథంలో ఉందో, అందులో ఏ కారణం చెప్పారో అడిగాను. ఆయన చెమట తుడుచుకున్నారు. నేను గెలిచాను. పార్టీ కారెక్కి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో మా యజమాని బండి ఆపి మరీ చెప్పారు. “అమ్మాయ్, నువ్వు బాగా మాట్లాడావు. ఇది చర్చాపోటీ అయితే కప్పు నీకే ఇచ్చేవాణ్ణి. కానీ మనం ఇల్లు అమ్మాలి కదా! ఇక్కడ మన నమ్మకంతో పనిలేదు, నీ నమ్మకంతో అసలే లేదు. కొనేవాడి నమ్మకమే నమ్మకం. ఇకమీదట నీ పని తాళం తియ్యడం, ఫ్యాన్ వెయ్యడం.”

ఆ తరువాత బాపులపాడు నుంచి ఒక మిల్లు యజమాని వచ్చాడు. వారి సిద్ధాంతి కూడా వంటింటి దక్షిణపు తలుపునే తప్పుపట్టి, దాన్ని మూసి ఉత్తరాన కొత్తది పెట్టాలన్నారు. అది చేయించి చూపిస్తే వెంటనే అడ్వాన్సు ఇస్తానని ఆ మిల్లు యజమాని మాట ఇచ్చాడు. మా యజమాని తాపీమేస్త్రిని తెచ్చారు. తలుపు మూసేశారు, కొత్తది పెట్టారు. మిల్లు యజమాని ఆ వారంలోనే గన్నవరం వైపు ఇంకో స్థలం కొనుక్కున్నాడు.

విస్సన్నపేట నుంచి వచ్చిన కాంట్రాక్టరు వెంట వచ్చిన సిద్ధాంతికి పాత తలుపు సంగతి తెలియదు. ఉత్తరపు కొత్త తలుపుకు ఎదురుగా మేడమెట్లు ఉండటం ఆయనకు దోషమనిపించింది. మెట్లు కొట్టించి ప్రహరీ వైపుకు మార్పించాం. మెట్లు అక్కడికి రావడంతో పక్క వసారా సగం ఇరుకైంది. కాంట్రాక్టరుకు అంతా నచ్చింది. అతని అల్లుడికి ఊరే నచ్చలేదు.

తాపీమేస్త్రి సరదా మనిషి. “నాకు ఈ ఇంట్లో పర్మినెంటు ఉద్యోగం వచ్చినట్టుందండీ,” అనేవాడు. “పార్టీ మారినప్పుడల్లా ఇంటి ముఖం మారుస్తున్నాం. ఒకరోజు అమ్మగార్లే తమ ఇల్లు ఎక్కడా అని ఊళ్ళో అడుగుతారు.”

మేము నవ్వాం. చిన్నావిడ మాత్రం నవ్వలేదు. “వాడికి బెల్లం ముక్క కూడా పెట్టకు అక్కా. వీడు కట్టేవి గోడలు కాదు, మన కాళ్ళకు అడ్డాలు,” అంది.

పెద్దావిడ మాత్రం ఏదీ కాదనలేదు. అమ్ముడుపోవాలన్న ఆరాటం ఆమెదే అందరికంటే ఎక్కువ. ప్రతి మార్పుకూ తల ఊపేది. మోచేతి మీద, మోకాలి మీద కమిలిన మచ్చలుంటే చెట్టు తగిలిందనేది. చిన్నావిడ నా వైపు చూసేది. నేను ఫ్యాన్ వేసేదాన్ని.

వైశాఖం వచ్చింది. నూజివీడు ఎండ ఎలా ఉంటుందో అక్కడివారికి చెప్పనక్కరలేదు. దక్షిణపు తలుపు మూసుకుపోయి, పక్క వసారా ఇరుకైన ఆ ఇంట్లో గాలి సరిగా తిరగడం మానేసింది. చూడటానికి వచ్చినవాళ్ళు లోపల రెండు నిమిషాలు నిలబడి, ‘ఉక్కగా ఉందండీ’ అని బయటికి వచ్చేసేవారు. పాత ఇళ్ళంతే అని మేము సర్దిచెప్పేవాళ్ళం. ఆ ఉక్క మేమే తయారుచేశామని మాలో ఎవరికీ తోచలేదు.

అప్పుడు నూజివీడులోనే మామిడి వ్యాపారం చేసే షావుకారు ఒకాయన చూస్తానని కబురు పంపారు. కుటుంబంతో ఉండటానికీ, కాయల రోజుల్లో సరుకు ఆరబోసుకోవడానికీ రెంటికీ పనికొచ్చే ఇల్లు వారికి కావాలి. మా యజమాని మొహం వెలిగింది. ఊళ్ళో విచారించి వచ్చి, “ఆ షావుకారి సిద్ధాంతి మహా నిష్ఠాపరుడంట. వరసగా మూడు ద్వారాలు చూస్తే గడప కూడా తొక్కడంట. ఆయన చెప్పేదాకా ఎందుకు? మనమే ముందుగా సర్దేద్దాం,” అన్నారు.

ఎవరు చెప్పారని నేను అడిగాను. బజార్లో అనుకుంటున్నారన్నారు. అలా బజారు మాట మీద, ఆ పార్టీ రావడానికి రెండురోజుల ముందు, హాలు వెనక తలుపు ఊడదీసి అక్కడ ఇటుకలు పేర్చి, పూసి, పక్క గోడలతో కలిసిపోయేలా సున్నం కొట్టించారు. వంటింటి నుంచి హాల్లోకి రావాలంటే ఇక వెనక వసారా దాటి, ఇరుకైన పక్క వసారా చుట్టి, వీధివైపు నుంచి రావాలి.

షావుకారు, ఆయన భార్య, సిద్ధాంతి మధ్యాహ్నానికి వచ్చారు. హాల్లో కూర్చోబెట్టాం. షావుకారు చేతిరుమాలుతో విసురుకుంటున్నారు. ఆయన భార్య చీరచెంగుతో మెడ తుడుచుకుంటూ, “ఏవండీ, మన కాయలు ఇక్కడ పెడితే పండవు, ఉడుకుతాయి,” అంది. సిద్ధాంతి దిక్సూచి చేత్తో పట్టుకుని హాలు మధ్య నిలబడి, ఏదో అర్థంకానట్టు తల అటూ ఇటూ తిప్పుతున్నారు.

అంతలో వెనక గోడ అవతలి నుంచి దబ్బుమని చప్పుడు. వెంటనే గాజుగ్లాసులు పగిలిన చప్పుడు. చిన్నావిడ కేక.

పెద్దావిడ వచ్చినవాళ్ళకు మజ్జిగ తెస్తోంది. చూపంతా పళ్ళెంలో గ్లాసుల మీద ఉంది. గ్లాసులు చూస్తే మిగతా లోకం కనబడదామెకు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి వేలసార్లు దాటిన తలుపు కాళ్ళకు తెలుసు. కాళ్ళు తీసుకువెళ్ళాయి. తలుపు లేదు.

ఆ క్షణం గురించి నేను చెప్పదలచింది ఒకటే. ఆమె మాకు జానెడు దూరంలో, ఇటుక అవతల, కింద పడి ఉంది. మేము ఆమె దగ్గరికి వెళ్ళలేకపోయాం. నేనూ మా యజమానీ అలవాటుగా వెనక్కే పరుగెత్తి ఆ గోడ ముందు ఆగిపోయాం. అప్పుడు వీధివైపు బయటికి వచ్చి, మెట్ల పక్కన ఒరుసుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళాం. ఆ చుట్టుదారిలో, మేమే ఇరుకు చేసిన వసారాలో, నా భుజం గీరుకుపోయింది. ఆధారం కావాలని ఊరందరినీ అడిగిన నాకు అంతకంటే ఆధారం అక్కరలేకపోయింది.

పెద్దావిడ నుదురు చిట్లింది. చీరంతా మజ్జిగ. చిన్నావిడ పసుపు అద్దుతూ ఏడుస్తూ తిడుతోంది. “గ్లాసులు నేను తెస్తానంటే వినవు! నీకు పెత్తనం! ఇంత వయసొచ్చినా పెత్తనం!”

“ఊరుకోవే. గోడ చూడండి ముందు, పచ్చిగోడ. నా తల అచ్చు పడిందేమో,” అంది పెద్దావిడ. మా యజమాని నవ్వబోయారు. ఆమె ఆయన వైపు తిరిగింది. గొట్టంలోంచి చూసే ఆ చూపు సూటిగా వచ్చి తగిలింది.

“బాబూ, చూపు పోతోందని డాక్టరు చెప్పినప్పుడు కూడా నాకు ఇంత భయం వెయ్యలా. ఎందుకంటే ఇల్లు నాకు తెలుసు. కళ్ళు మూసుకుని తిరుగుతా. ఇప్పుడు నా ఇంట్లో నేను దారి తప్పా. ఇల్లు అమ్ముడుపోతే పోయింది, లేకపోతే లేదు. నా తలుపు నాకు ఇచ్చెయ్యండి.”

షావుకారు దంపతులు, సిద్ధాంతి కూడా అప్పటికి చుట్టూ తిరిగి అక్కడికి వచ్చారు. మా యజమాని నాకు కళ్ళతో సైగ చేశారు, మాట్లాడవద్దని. నేను సిద్ధాంతి దగ్గరికి వెళ్ళాను. ఆయన్ను ఓడించాలన్న కోరిక ఆ పూట నాలో లేదు. నిజంగా తెలుసుకోవాలని మాత్రం ఉంది.

“అయ్యా, వరసగా మూడు ద్వారాలుంటే మీరు ఒప్పుకోరా?”

“ఎవరన్నారమ్మా? మా ఇంట్లోనే వరసగా మూడున్నాయి. ఒకటి మూయిద్దామంటే మా ఆవిడ నన్నే బయటపెడతానంది,” అన్నారాయన. తరువాత నెమ్మదిగా అడిగారు. “ఇక్కడ తలుపుండేదా?”

నేను మొదటినుంచీ చెప్పాను. వంటింటి దక్షిణపు తలుపు, ఉత్తరపు తలుపు, మెట్లు, ఈ గోడ; ఏది ఎవరి మాట మీద జరిగిందో దాచకుండా చెప్పాను. మా యజమాని నేల చూస్తున్నారు. సిద్ధాంతి దిక్సూచి సంచిలో పెట్టేసుకున్నారు.

“అందుకే నాకు లెక్క కుదరడం లేదు తల్లీ. నేనింతసేపూ చూసింది ఇల్లు కాదు. నాకంటే ముందు వచ్చినవాళ్ళ దిద్దుబాట్లు. ముందు ఇల్లు చూపించండి, అప్పుడు చెబుతా.”

తాపీమేస్త్రి దొడ్లోనే, మెట్లకు మిగిలిపోయిన పూత పనిలో ఉన్నాడు. నేను పిలిచేలోపే గునపం తీసుకుని వచ్చాడు. మా యజమాని వైపు ఒకసారి చూశాడు. ఆయన కాసేపు నుదురు రుద్దుకుని, “కొట్టరా, కొట్టు,” అన్నారు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగినది ఆ ఒక్కమాటతోనే.

రెండురోజుల గోడ కావడంతో త్వరగానే వచ్చేసింది. పైవరస ఇటుకలు రాలగానే దొడ్లోని చెట్లమీది గాలి హాల్లోకి దూరింది. దుమ్ము వీధిగుమ్మం దాకా కొట్టుకుపోయింది. సున్నం, పచ్చి సిమెంటు, వాటి వెనక పండబోతున్న కాయల వాసన. షావుకారు భార్య హాల్లోకి వచ్చి, ఆ గాలికి ఎదురుగా నేలమీదే కూర్చుంది.

“ఏవండీ, ఇటు రండి. ఇందాకటి ఇల్లేనా ఇది?”

షావుకారు వచ్చి, గాలి ఎటునుంచి ఎటు పోతోందో అరచెయ్యి పెట్టి చూశారు. కాయలు గడ్డిలో పరిచేవారికి ఆ చూపు అలవాటు. “ఇట్టా ఉంటే సరుకు నిలుస్తది,” అని తనలో తాను అనుకుని, నా వైపు తిరిగారు. “అమ్మాయ్, ఇంకేం దాచారు ఈ ఇంట్లో?”

“పైన ఈశాన్యపు గది వానకు కారుతుందండీ. బీరువా అడ్డం పెట్టాం,” అన్నాను.

మా యజమాని దగ్గారు. పెద్దావిడ కట్టు కట్టిన తలతో పకపకా నవ్వింది.

ఆ పూటే బేరం కుదిరిందని చెబితే కథ అందంగా ఉండేది. కుదరలేదు. సిద్ధాంతి ఇల్లంతా పాత రూపంలోకి వచ్చాక మళ్ళీ చూస్తానన్నారు. వంటింటి దక్షిణపు తలుపు తిరిగి తెరిపించాం. మెట్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి, వాటిని మళ్ళీ మోసే ఓపిక ఎవరికీ లేదు. సిద్ధాంతి వచ్చి, చూసి, తులసికోటను ఒక మూల నుంచి ఇంకో మూలకు జరపమని చెప్పి సరే అన్నారు. తులసికోట ఎందుకు జరపాలో నేను అడగలేదు. దానికి ఎవరూ తల కొట్టుకోరు కదా. కారే గదికి షావుకారు ధర తగ్గించమన్నారు, చిన్నావిడ తగ్గనంది, ఇద్దరూ రెండువారాలు బెట్టు చేసి మధ్యలో కలిశారు. ఆషాఢం వస్తే కొత్త ఇంటి మాట ఎవరూ ఎత్తరు కనుక, జ్యేష్ఠం వెళ్ళకముందే రిజిస్ట్రేషన్ అయిపోయింది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతూ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని నిట్టూర్చిన ఆ నిట్టూర్పు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఏడాదిగా బిగపట్టిన ఊపిరి అది. నాది కూడా అప్పుడే వదిలాను.

“నీ నోరు ఒక్కసారికి పనికొచ్చింది,” అన్నారు మా యజమాని. అంతకు మించిన ప్రశంస ఆ ఆఫీసులో ఎవరూ పొందలేదు. ఆ తరువాత నేను అక్కడ ఉన్నంతకాలం, కొనేవారు ఏ మార్పు అడిగినా ఆయన ఒక మాట అనేవారు: “కొనుక్కున్నాక మీ ఇష్టం. అప్పటిదాకా వాళ్ళ ఇల్లు.”

నూజివీడు ఇంట్లోకి వాళ్ళు వెళ్ళేనాటికి పెద్దావిడకు ఇంకా ఆ గొట్టమంత చూపు మిగిలే ఉంది. ఆ చూపుతోనే, వర్షాకాలమంతా, గోడ గోడనూ తడిమి చూసి నేర్చుకుందట. ఈమధ్య వెళ్ళినప్పుడు చూశాను. ఇప్పుడు ఆమెకు వెలుగూ నీడా తప్ప పెద్దగా తెలియడం లేదు. లేచి వెళ్ళి, స్విచ్చి వేసి, ఫ్రిజ్ తెరిచి, మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. నేను కూర్చోవడానికి కుర్చీ కాస్త జరిపాను. చిన్నావిడ ఉలిక్కిపడింది.

“అమ్మో, అది జరపకు! ఎక్కడిది అక్కడే పెట్టు. ఈ ఇంట్లో చీపురు స్థానం మార్చినా నాకు యావజ్జీవ శిక్షే.”

“శిక్ష కాదు, క్రమశిక్షణ,” అంది లోపలికి నడుస్తూ పెద్దావిడ. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

కుర్చీని జాగ్రత్తగా వెనక్కి జరిపి కూర్చున్నాను.

ఇంతే నా కథ. మీరు రేపు ఏ ఉద్యోగంలో చేరినా, మీ ముందుకు వచ్చినవారి కోసం, మీ కంటికి ఆననివారు మసలే చోటును మార్చవలసి వస్తుంది. అది ఇల్లే కానక్కరలేదు. ఆసుపత్రి వరండా, బస్సు ఆగే చోటు, బడి వంటగది ఏదైనా కావచ్చు. అందుకని నాదొక విన్నపం. ఉద్యోగం వచ్చేదాకా ఆగకండి. ఈ సాయంత్రమే ఇంట్లో అందరికంటే పెద్దవారి పక్కన కూర్చుని, ‘ఈ ఇంట్లో నడుస్తుంటే నీకు ఎక్కడ తగులుతోంది?’ అని అడగండి. ఎక్కడా లేదని అంటారు. నమ్మకండి. వారితో పాటు లేచి వంటింటి దాకా నడవండి. వారి చెయ్యి గోడను ఎక్కడ వెతుక్కుంటుందో చూడండి. అక్కడున్న అడ్డాన్ని, రేపటికి వాయిదా వేయకుండా, తీసివేయండి.